హారతి అర కింద అసిటోన్

వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాలకు కాణిపాకం కిటకిటలాడుతుంది. పండగొచ్చినా, పెళ్లి ముహూర్తాలు తగిలినా చిత్తూరు చుట్టుపక్కల బ్యూటీ పార్లర్లలో కుర్చీ ఖాళీ ఉండదు. షట్టర్ తీయగానే కాణిపాకం వరసిద్ధి వినాయకుడి పటం ముందు కర్పూరం వెలిగించి, అగరొత్తులు గుచ్చి పని మొదలుపెట్టేవారు ఎందరో. ఆ పటం కింది అరలోనే నెయిల్ పాలిష్ రిమూవర్, హెయిర్ స్ప్రే, శానిటైజర్ సీసాలుంటే మాత్రం ప్రమాదం పక్కనే ఉన్నట్టు.

చాలా రిమూవర్లలో ఉండేది అసిటోన్. సున్నాకు సుమారు 20 డిగ్రీల దిగువన కూడా మంట అందుకునేంత ఆవిరి దాన్నుంచి వస్తుంది. ఇక 40 డిగ్రీలు దాటే మన వేసవిలో చెప్పేదేముంది? ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంబడి పాకి, దూరంగా ఉన్న దీపాన్నీ చేరగలదు. హెయిర్ స్ప్రే డబ్బాల్లో చాలావాటిని నడిపించేది వంటగ్యాస్ జాతికే చెందిన బ్యూటేన్, ప్రొపేన్.

నిప్పుతో ఆటలాడితే ఏమవుతుందో 2022 అక్టోబరులో గుజరాత్‌లోని వాపిలో తెలిసింది. జుట్టుకు నిప్పంటించి తీర్చిదిద్దే ‘ఫైర్ హెయిర్‌కట్’ కోసం సెలూన్‌కు వెళ్లిన 18 ఏళ్ల యువకుడికి మెడ, ఛాతీ కాలాయి.

ప్లగ్గు దగ్గర కమురు వాసన

ముహూర్తాల రోజుల్లో డ్రయ్యర్, స్ట్రెయిటనర్, వ్యాక్స్ హీటర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుస్తుంటాయి. 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర మోయగలిగేది సుమారు 1,380 వాట్లు. పెద్ద డ్రయ్యర్ ఒక్కటే 2,000 వాట్ల దాకా లాగుతుంది. ప్లగ్గు గోధుమరంగుకు తిరిగినా, కమురు వాసన వచ్చినా వైరు లోపల కాలుతోందని అర్థం. ఇలాంటి పరికరాలకు 16 ఆంపియర్ల సాకెట్, లోడు మించితే కరెంటు ఆపేసే సరైన ఎంసీబీ తప్పనిసరి.

ఎవరూ అనుమానించనిది తువ్వాళ్ల కుప్ప. మసాజ్‌కు వాడే నువ్వుల నూనె లాంటివి ఉతికినా బట్టలో కొంత మిగులుతాయి. యంత్రంలో ఆరబెట్టిన తువ్వాళ్లను వేడివేడిగా పేర్చితే ఆ నూనె ఆక్సిజన్‌తో కలిసి ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే కుప్ప అంటుకోవచ్చు. చల్లారాకే మడతపెట్టాలి.

దారి ఒక్కటే అయితే

ఆడవాళ్ల పార్లర్‌లో మరుగు అవసరం. అందుకే తెరలు, మూసిన కిటికీలు, లోపలి గడియ. వెనక తలుపుంటే దానికి అడ్డంగా అట్టపెట్టెలు. పొగ కమ్మితే ఇవే ప్రాణం తీస్తాయి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఐదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకులు పొగతో ఊపిరాడకే కన్నుమూశారు.

నిప్పు లేని ముప్పులూ ఉన్నాయి. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళకు పార్లర్‌లో తల కడుగుతుండగా కళ్లు తిరిగి, వాంతులయ్యాయి. అది పక్షవాతమని న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ వెల్లడించారు. మెడను బేసిన్ అంచు మీద బాగా వెనక్కి వాల్చినప్పుడు మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని నొక్కుకుపోయింది. మెడ కింద మెత్తటి తువ్వాలు పెట్టి, కాసేపట్లోనే కడగడం ముగించాలి. జుట్టు సాఫీ చేసే కొన్ని మందులు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అది క్యాన్సర్ కారకం. రోజంతా దాన్ని పీల్చేది అక్కడ పనిచేసే అమ్మాయిలే.

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. దీపం ఒక మూల, సీసాలు ఇంకో మూల ఉండాలి. తలుపు దగ్గర ఏబీసీ పౌడర్ అగ్నిమాపక సిలిండర్ పెట్టి, వాడకం అందరికీ నేర్పాలి. వ్యాక్స్ అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్విచ్ ఆపి, మూత వేయాలి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు. మంట పెరిగితే బయటికొచ్చి 101కు ఫోన్ చేయాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి వాటిలో మంటలు ఆర్పి చూపే ప్రదర్శనలకు కాణిపాకం, చిత్తూరు బ్యుటీషియన్లనూ పిలవాలి. సిలిండర్ పిన్ను లాగి మంట ఆర్పడం వాళ్ల చేతులతోనే చేయించాలి.