సేవ చేసే చేతి గాయం

జుమా నమాజు కాగానే నలుగురం కలిసి ఇయాదత్‌కు వెళతాం. రోగి మంచం పక్కన కూర్చుని దుఆ చేస్తాం, చాయ్ తాగి వస్తాం. మంచి అలవాటే. కాని ఆ చాయ్ పెట్టిన ఇల్లాలు రాత్రి ఎంతసేపు నిద్రపోయిందని మాత్రం అడగం. మేమూ అడగలేదు.

మా చెల్లెలు మూడేళ్లుగా పక్షవాతంతో మంచంపట్టిన అత్తగారికి సేవ చేస్తోంది. ఒకరోజు రొట్టెల పెనం తగిలి ముంజేయి కాలింది. చిన్న గాయమే, నెల దాటినా మానలేదు. పరీక్ష చేయిస్తే షుగర్ లేదన్నారు. "నాకేం కాలేదు భాయిజాన్, అమ్మీకి మందు వేళయింది" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ గాయం మానకపోవడానికి కారణం ఇదేనని మేము తేల్చి చెప్పలేం. అయితే అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన కీకోల్ట్ గ్లేసర్ బృందం 1995లో ఒక పరిశోధన ప్రచురించింది. మతిమరుపు వ్యాధిగ్రస్తులైన తమవారిని చూసుకుంటున్న 13 మంది స్త్రీలకు, అలాంటి బాధ్యత లేని మరో 13 మందికి చేతిపై 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి గమనించారు. రెండో వర్గానికి సగటున 39 రోజుల్లో మానింది. సేవ చేస్తున్నవారికి దాదాపు 49 రోజులు పట్టింది.

ఆపద ఎదురైతే మూత్రపిండాలపైనున్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, ఒంట్లో సత్తువ పుంజుకుంటుంది. ఆపద గడిచాక అవి తగ్గాలి. రాత్రింబవళ్లు రోగి మూలుగు కోసం చెవి రిక్కించి ఉండే మనిషికి ఆ ఆపద గడిచేదెప్పుడు? ఎక్కువకాలం నిలిచిన కార్టిసాల్, గాయాన్ని బాగుచేసే రక్తకణాల పనిని మందగింపజేస్తుంది.

మరో సంగతి ఉంది. జబ్బుపడిన జీవిత భాగస్వామిని చూసుకుంటూ నలిగిపోతున్న వృద్ధుల్లో నాలుగేళ్లలో మరణాల ముప్పు 63 శాతం ఎక్కువని 1999లో షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు చూపారు. సేవ చేస్తున్నా అంతగా నలగనివారిలో మాత్రం ఆ ముప్పు స్పష్టంగా కనబడలేదు. అంటే ప్రాణం తీసేది సేవ కాదు, ఒంటరిగా మోసే బరువు.

బద్ర్ యుద్ధ సమయంలో దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా జబ్బుపడ్డారు. భర్త హజ్రత్ ఉస్మాన్‌ను ఆమె దగ్గరే ఉండమన్నారు ప్రవక్త. యోధులతో సమానంగా ఆయనకూ వాటా ఇచ్చారు. అక్కడ మంచం పక్కన కూర్చున్నది మగమనిషి. మన ఇళ్లలో కొడుకులు మందులు తెచ్చిపెట్టి వరండాలో కూర్చుంటారు!

ఇప్పుడు వారానికి రెండు రాత్రులు మా బావగారే తల్లి దగ్గర పడుకుంటున్నారు. మొదటి రాత్రి మా చెల్లెలు నిద్రపట్టక రెండుసార్లు లేచి తలుపు సందులోంచి చూసిందట. మూడో వారానికి ఫజర్ అజాన్ దాకా పడుకుంది.