చెరువు కలుపుకు గడ్డి మందు కొడితే చేప గతేమిటి?
గాలం వేసేవారిని, బెస్తలను వేధిస్తున్న ప్రశ్న

(గ్రామీణ విలేకరి)

కంభం: పశ్చిమ ప్రకాశంలో ఏ చెరువు మీదనైనా గుర్రపుడెక్క, నాచు కమ్ముకున్నప్పుడు రెండు మాటలు వినపడతాయి. గడ్డి మందు కొట్టిస్తే పది, పదిహేను రోజుల్లో మాడిపోతుందని, తూము తేటపడుతుందని ఆయకట్టు వైపు మాట. గడ్డితో పాటు చేప కూడా పోతుందని, ఆ నీరు పశువులు తాగితే ఎట్లా అని గాలం వేసేవారి మాట. రెండింటిలోనూ నిజం ఉన్నది. అయితే మందు కొట్టాలా, వద్దా అని కట్ట మీద వాదులాడుకునే ముందు, కొట్టిన తర్వాత నీటిలో ఏమి జరుగుతుందో అందరూ తెలుసుకోవటం అవసరం. చాలా సందర్భాలలో చేపలు చచ్చేది మందు చల్లిన రోజున కాదు. ఆ తర్వాత రెండు మూడు వారాలకు, గడ్డి కుళ్లేటప్పుడు.

అన్నిటికీ ఒకే నీరు

కంభం, గిద్దలూరు వైపు పొలాలకు పెద్ద కాలువల ఆధారం తక్కువ. నల్లమల వాగుల నీరు, వాన నీరు చెరువుకు చేరితేనే పంట. బోరు నీటిలో ఫ్లోరైడు బాధ పలు గ్రామాలను పట్టి పీడిస్తున్నది. కనుక చెరువు నీటి విలువ ఇక్కడి వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ చెరువులన్నిటికీ పెద్ద కంభం చెరువు. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో, గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ దీనిని కట్టారు. రాణి వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. కట్ట ఎత్తు 57 అడుగులనీ, చెరువుకు నీరు వచ్చే పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్లనీ బ్రిటిషు కాలపు ఇంపీరియల్ గెజిటీరు నమోదు చేసింది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల కమిషన్ 2020లో దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది.

ఇంత పెద్ద చెరువైనా, ఊరి పక్క కుంటైనా వాడకం ఒకటే. తూము కింద పైరు తడుస్తుంది. పశువులు దిగి తాగుతాయి. చాకిరేవు అక్కడే. వల వేసే బెస్తలకు బతుకు అక్కడే. కట్ట మీద గాలం వేసుకుని కూర్చునే వారిలో కొందరిది సరదా అయితే, ఎక్కువ మందిది ఆ పూట కూర. ఒక్క పని కోసం నీటిలో వేసిన మందు ఈ అందరి వాకిట్లోకీ వెళుతుంది. గాలం వేసేవారి ఆందోళనకు మూలం ఇదే.

ఎక్కడి గుర్రపుడెక్క?

గుర్రపుడెక్క మన నేల మొక్క కాదు. పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పూవు అందంగా ఉన్నదని 19వ శతాబ్దం చివర బెంగాలుకు తెచ్చారు. నలభై ఏళ్లు తిరిగేసరికి అక్కడి వాగులు, చెరువులు, వరి పొలాలు నిండిపోయాయి. దానిని అదుపు చేయటానికి 1936లో బెంగాలులో ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చింది.

అనుకూలమైన నీరు దొరికితే రెండు వారాల్లో ఇది రెట్టింపు అవుతుంది. విత్తనం బురదలో పదిహేను ఇరవై ఏళ్లయినా చావకుండా పడి ఉంటుంది. తూములను అడ్డుతుంది. నీటి అడుగుకు వెలుతురు పోనివ్వదు. దోమలకు ఆశ్రయం ఇస్తుంది. కాబట్టి దీనిని తీసెయ్యాలని రైతులు కోరటంలో తప్పేమీ లేదు. ఎట్లా తియ్యాలన్నదే ప్రశ్న.

మందులలో తేడా

గడ్డి మందులన్నీ ఒకటి కావు. 2,4-డి అనే మందు 1940ల మధ్యలో వాడుకలోకి వచ్చింది. వెడల్పాకు మొక్కలను చంపుతుంది. గుర్రపుడెక్క మీద పడితే ఒకటి రెండు రోజుల్లో కాడలు మెలితిరిగి, కొన్ని వారాలలో మొక్క గోధుమరంగుకు మారి మునిగిపోతుంది. ఈ మందులోనే రకాలున్నాయి. ఈస్టరు రకం చేపకు ఎక్కువ ప్రమాదం. అమీను లవణం రకం దానితో పోలిస్తే తక్కువ. దుకాణంలో రెండూ 2,4-డి పేరుతోనే దొరుకుతాయి.

గ్లైఫోసేటు 1974లో బజారుకు వచ్చింది. నీటిపైన నిలిచిన ఆకు మీదనే ఇది పనిచేస్తుంది. నీటిలో మునిగి పెరిగే నాచుకు దీనిని పోయటం డబ్బు దండుగ. మందు ఆకుకు అంటుకోవటానికి కలిపే సబ్బులాంటి పదార్థం కొన్ని రకాలలో చేపలకు, కప్ప పిల్లలకు అసలు మందు కన్న ఎక్కువ హాని చేస్తుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం గ్లైఫోసేటును క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్న వాటిలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ దీనితో ఏకీభవించలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో, చీడల నివారణ పనిలో అనుమతి పొందినవారు తప్ప ఇతరులు దీనిని వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది.

ఇక పారాక్వాటు. ఇది మనిషి కడుపులోకి పోతే విరుగుడు లేదు. అలాంటి దానిని ఊరందరూ దిగే నీటి దరికి తీసుకుపోవటమే ప్రమాదం.

తెల్లవారుజామున తేలే చేపలు

మందు మోతాదు సరిగానే ఉన్నదనుకుందాం. చేప ఆ రోజు బతికింది. గండం గడిచినట్టేనా? గడవలేదు. చెరువు నిండా పరుచుకున్న పచ్చిగడ్డి ఒక్కసారిగా చచ్చి అడుగుకు చేరుతుంది. అది కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది.

లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే చేపకు సుఖం. 3కు తగ్గితే అవస్థ. 1 దగ్గరకు వస్తే చావు. నీరు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువును పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల వేడిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల వరకు నిలుస్తుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నర దాటదు. మార్చి తర్వాత మన ఎండలు తెలిసినవే. చెరువు సగానికి పడి, నీరు కాగి ఉన్న వేసవిలో మందు కొట్టటమంటే చేప మెడకు ఉరి బిగించటమే.

రాత్రంతా వెలుతురు ఉండదు గనుక నీటి మొక్కలు ప్రాణవాయువును ఇవ్వవు, తీసుకుంటాయి. అందువల్ల తెల్లవారుజామున అది అతి తక్కువగా ఉంటుంది. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరిచి ఎగపీల్చేది అప్పుడే. కట్ట మీదికి చీకటితోనే చేరే గాలపు వారి కంటనే ముందు ఇది పడుతుంది.

చేపలు చచ్చినప్పుడు కారణం పోల్చుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. బొచ్చె, రాగండి, ఎర్రమోసు తేలి, కొరమేను, మార్పు, ఇంగిలాయి బతికి ఉన్నాయంటే ఊపిరాడక చచ్చినట్టు లెక్క. కొరమేను జాతి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. మిగిలినవి పీల్చుకోలేవు. ఊపిరాడని చావులో పెద్ద చేపలు ముందు పోతాయి. అట్లా కాక ఏ వేళనంటే ఆ వేళ చిన్నా పెద్దా అన్ని రకాలూ, కప్పలతో సహా చచ్చి పడితే విషాన్ని అనుమానించాలి. అప్పుడు చచ్చిన చేపను కూరకు తీసుకుపోరాదు. నీటిని శుభ్రమైన సీసాలో పట్టి మత్స్యశాఖ వారికి అప్పగించాలి.

తూము దాటి చేలోకి

మందుతో లాభం తమదే అనుకునే ఆయకట్టు రైతులు గమనించవలసిన విషయం ఒకటున్నది. చెరువులో కలిసిన 2,4-డి తూము దాటి చేలోకి వస్తుంది. పత్తి మొక్కకు ఈ మందు సోకితే తట్టుకోలేదు. కొద్దిపాటి తగిలినా ఆకులు వేళ్లలాగా చీలి ముడుచుకుపోతాయి. మిరప, టమోటా కూడా అంతే. మార్కాపురం ప్రాంతంలో పత్తి, మిరప వేసే రైతుకు ఇది చిన్న నష్టం కాదు.

మరొక నష్టం పూడిక. మాడిన గడ్డి ఎక్కడికీ పోదు, అడుగుకే దిగుతుంది. పాత చెరువులకు పూడిక ముందే పెద్ద జబ్బు. పైగా కుళ్లిన గడ్డిలోని ఎరువు నీటిలో కలిసి కొత్త నాచుకు బలమిస్తుంది. బురదలోని విత్తనం మళ్లీ మొలుస్తుంది. మరుసటేడు మళ్లీ మందు ఖర్చు.

కలుపంతా శత్రువు కాదు

చెరువులో కలుపు పూర్తిగా లేకుండా చేయాలని గాలం వేసేవారు కోరుకోరు. కొరమేను గడ్డి నడుమ చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎదిగేదాకా తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. చిన్న పరిగెలు పెద్ద చేపల నోట పడకుండా దాగేది కూడా గడ్డిలోనే. కప్పను ఎర గుచ్చి గడ్డి అంచున గాలం విసరటం అందుకే. తూముల దగ్గర, రేవుల దగ్గర, నడిచెరువులో తీసేసి, ఒక పక్క ఒడ్డున కొంత గడ్డిని ఉంచటం చేపకు మేలు.

ఫ్లోరిడాలో ఏమి జరిగింది?

ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో సరస్సులలోని కలుపు మీద ప్రభుత్వమే ఏళ్ల తరబడి మందు కొట్టిస్తూ వచ్చింది. చేపల ఆవాసం పాడవుతున్నదని గాలం వేసేవారు, ఇతరులు పట్టుబట్టటంతో 2019 జనవరిలో అక్కడి వన్యప్రాణి, మత్స్య కమిషన్ మందు చల్లటాన్ని తాత్కాలికంగా ఆపింది. ఊరూరా సమావేశాలు పెట్టి ప్రజల మాట విన్నది. మార్చిలో పనిని మళ్లీ ప్రారంభించినా, యంత్రాలతో గడ్డి తీయటాన్ని పెంచుతామని, సరస్సు వారీగా పథకం వేస్తామని ప్రకటించింది. గాలం వేసేవారి మాటను ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్నది. అటువంటి సమావేశం ఒకటి మన చెరువు కట్ట మీద జరపటానికి పెద్ద ఖర్చేమీ లేదు.

మందు లేని మార్గాలు

గుర్రపుడెక్క బరువులో నూటికి తొంభై పాళ్ల పైన నీరే. లాగి ఒడ్డున ఎండవేస్తే గుట్ట కాస్తా పిడికెడవుతుంది. ఎండినదాన్ని పెంటలో కలిపితే ఎరువు. అయితే పూత రాకముందే తీయాలి. మళ్లీ నీటిలోకి జారకుండా కట్టకు దూరంగా వేయాలి. చెరువు తగ్గినప్పుడు పూడికతో పాటు పై మట్టి ఎత్తితే విత్తనం కూడా పోతుంది. గ్రామీణ ఉపాధి పనులలో పూడికతీతతో పాటు కలుపు తీతను కూడా చేర్చితే కూలీలకు పని, చెరువుకు మేలు.

పురుగులతో కూడా దీనిని అణచవచ్చు. గుర్రపుడెక్కను మాత్రమే తినే ముక్కు పురుగులను బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ 1982లో మన దేశానికి తెప్పించింది. అక్కడి చెరువులలో, మణిపూరులోని లోక్‌తక్ సరస్సులో అవి బాగా పనిచేశాయి. కాని ఫలితానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఏటా ఎండిపోయే కుంటలలో మొక్కతో పాటు పురుగూ పోతుంది. నీరు నిలిచే పెద్ద చెరువులకే ఈ పద్ధతి అనువు. నీటిలో మునిగి పెరిగే నాచుకు గడ్డిచేప మందు. 1959లో మన దేశానికి వచ్చిన ఈ చేప నాచును విరివిగా తింటుంది. కాని గుర్రపుడెక్క జోలికి పోదు.

కొట్టక తప్పకపోతే

అన్నీ చూసిన మీదట మందు తప్పదని తేలితే పాటించవలసిన పద్ధతులున్నాయి. చెరువంతా ఒక్కసారి కొట్టరాదు. మూడో వంతుకు మించకుండా కొట్టి, కనీసం రెండు వారాలు ఆగి, చచ్చిన గడ్డిని బయటకు లాగి, ఆ తర్వాత మరో భాగానికి పోవాలి. చేప తప్పుకుని పోవటానికి తేట నీరు మిగలాలి. వేసవిలో అసలే కొట్టరాదు. డబ్బా మీది కాగితంలో నీటి మొక్కలకు వాడవచ్చని ఉన్నదో లేదో ముందు చదవాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ప్రతి డబ్బా మీదా విషపు గుర్తు రంగు ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివారు కూడా రంగు చూసి పోల్చుకోవచ్చు.

అన్నిటికన్న ముఖ్యం, ముందుగా దండోరా వేయించటం. ఏ మందు, ఏ రోజు, ఏ వైపు కొడతారో, ఎన్నాళ్లు పశువులను తోలరాదో, చేప తినరాదో, తూము ఎప్పుడు తెరుస్తారో ఊరికి తెలియాలి. బెస్తల సంఘం వానాకాలంలో డబ్బు పోసి చేపపిల్లలను వదులుతుంది. మందు కొట్టించిన వారికి ఆ లెక్క తెలియదు. చేప తేలిన నాడు నష్టం ఎవరిదని అడిగితే జవాబు చెప్పే నాథుడు ఉండడు. జలవనరుల శాఖ, మత్స్యశాఖ, పంచాయతీలు కలిసి కూర్చుని, సంఘం పెద్దలను, ఆయకట్టు రైతులను పిలిచి, మందు డబ్బా మూత తీయకముందే ఈ జవాబును కాగితం మీద పెట్టాలని గాలం వేసేవారు, బెస్తలు కోరటం న్యాయమే. చెరువులో నీరు నిండుగా ఉండి, గడ్డి ఇంకా పలుచగా ఉన్నప్పుడే ఆ పని జరగాలి. గడ్డి కమ్ముకుని ఎండలు ముదిరిన తర్వాత మిగిలేది మందు డబ్బా ఒక్కటే.