నీళ్ళ ఫిల్టరు ఎందుకు మొరాయిస్తుంది?

మీ వంటింట్లో క్యాండిల్ ఫిల్టరు ఉందా? కొత్తలో రాత్రి పై గిన్నెలో నీళ్ళు పోస్తే తెల్లారేసరికి కింది గిన్నెలోకి దిగిపోతాయి. కొన్ని వారాలు గడిచేసరికి సగం కూడా దిగవు. ఫిల్టరు పాడైపోయిందని అనుకుంటాం. నిజానికి అది తన పని తాను చేసిందన్నమాట!

క్యాండిల్ లోపల బోలుగా ఉంటుంది. కొత్త కుండలో నీళ్ళు పోస్తే బయట చెమ్మ ఊరడం మీరు చూసే ఉంటారు. క్యాండిల్ గోడలో కూడా అలాంటి సన్నని రంధ్రాలుంటాయి. నీరు బయటినుంచి ఆ గోడగుండా లోపలికి ఊరి, అడుగునున్న గొట్టంలోంచి కిందికి జారుతుంది. 1891లో జర్మనీలో విల్హెల్మ్ బెర్కెఫెల్డ్ ఇలాంటి క్యాండిల్‌ను డయాటమ్ మట్టితో తయారుచేశాడు. డయాటమ్‌లనే ఏకకణ జీవుల గాజులాంటి పెంకులు యుగాల తరబడి పేరుకోగా ఏర్పడిన మట్టి అది.

మంచి క్యాండిల్ రంధ్రాలు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు, లేదా అంతకన్నా సన్నగా ఉంటాయి. బురద, చాలా రకాల బాక్టీరియా అక్కడే ఆగిపోతాయి. ఆగిపోతాయే కాని చావవు, మాయమైపోవు. గోడమీద పొరగా పేరుకుంటాయి. నీటి దారి మూసుకుపోయేది అందుకే. అంతేకాదు, ఎక్కువ రోజులు వదిలేస్తే బాక్టీరియా గోడలోనే పెరుగుతూ లోపలి వైపుకు చేరగలవు. కనుక కడగడం వడపోతలో ఒక భాగమే.

వడపోత విలువ ఎంతటిదో 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో తెలిసింది. ఎల్బా నది నీటిని వడపోయకుండా తాగిన ఆ నగరంలో కలరాతో ఎనిమిదివేల మందికి పైగా చనిపోయారు. పక్కనే, నదికి దిగువన ఉన్న ఆల్టోనా పట్టణం అదే నది నీటిని ఇసుకతో వడపోసి వాడుకుంది. అక్కడ కలరా అంతగా వ్యాపించలేదు.

ఇక కడగడం ఎలాగో చూద్దాం. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గిన్నె కింది నట్టు విప్పి క్యాండిల్‌ను జాగ్రత్తగా తీయండి. శుభ్రమైన నీటి ధార కింద మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందికి రుద్దండి. క్యాండిల్‌కు సబ్బు వద్దు, అది రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. మురికినీరు గొట్టంలోకి పోకుండా చూడండి. రెండు గిన్నెల్నీ, కుళాయినీ కూడా కడగండి. మట్టి క్యాండిల్ అయితే పెద్దల సాయంతో మరిగే నీటిలో కాసేపు ఉంచవచ్చు. లోపల బొగ్గు నింపినవీ, ప్లాస్టిక్ అమర్చినవీ మరిగించకూడదు. వాటితో వచ్చిన కాగితం చదవండి. తిరిగి బిగించాక మొదట దిగిన నీటిని పారబోయండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫిల్టరు నెమ్మదిస్తే భయం లేదు. కడగకుండానే ఉన్నట్టుండి వేగం పుంజుకుంటే మాత్రం అనుమానించాలి! క్యాండిల్ బీటలువారి ఉండవచ్చు, వాషరు వదులై ఉండవచ్చు. నీరు గోడను తప్పించుకుని అడ్డదారిన దిగుతోందన్నమాట. బీటలువారిన క్యాండిల్‌ను మార్చవలసిందే. పచ్చకామెర్లు కలిగించే కొన్ని వైరస్‌లు మైక్రాన్‌లో పదోవంతుకన్నా చిన్నవి. అవి మంచి క్యాండిల్‌లోంచి కూడా దూరిపోగలవు. నీటిమీద అనుమానముంటే మరగకాచి తాగడమే మేలు.

ఈ ప్రయోగం మీరే చేసి చూడండి. కడగడానికి ముందు పై గిన్నెను ఒక గీతవరకు నింపి, గంటలో ఎన్ని గ్లాసుల నీరు దిగిందో రాసుకోండి. కడిగాక, మొదటి నీరు పారబోసి, అదే గీతవరకు నింపి మళ్ళీ కొలవండి. గీత ఎందుకంటారా? నీటి ఎత్తు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే వేగమూ పెరుగుతుంది. రెండు అంకెల తేడా చూస్తే, పేరుకున్న మురికి ఎంత దారి మూసిందో మీకే తెలుస్తుంది.