మూడో గుర్తు మీద ఓటు

పాలకొల్లు అల్లుడు పాలకొల్లులోనే ఓడిపోయాడు. 2009 మే 16న శాసనసభ ఓట్లు లెక్కించిన రోజు ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా వినబడిన మాట అదే. గెలిచిన రాజశేఖరరెడ్డి, ఓడిన మహాకూటమి ఊసులన్నీ ఆ తర్వాతే. నరసాపురం దాటితే వచ్చే మొగల్తూరులో పుట్టిన చిరంజీవి తిరుపతిలో 15 వేల పైచిలుకు ఆధిక్యంతో గట్టెక్కారు. మామగారు అల్లు రామలింగయ్య సొంతూళ్లో మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి చేతిలో 5 వేల పైచిలుకు ఓట్ల తేడాతో దెబ్బతిన్నారు. అంతకుముందు ఆవిడ పేరు జిల్లా దాటి విన్నవాళ్లు తక్కువ.

దీన్ని సినిమావాళ్ల రాజకీయం ఖాతాలో రాసేసి వదిలేయడం తేలిక. చాలామంది అలాగే వదిలేశారు. కానీ రెండు పెద్ద పార్టీల మధ్య మూడోది తలెత్తితే దాని గతేమిటో తెలియాలంటే పాలకొల్లు వచ్చి చూడాలి. పదిహేనేళ్లలో ఈ నియోజకవర్గం మూడు తరహాల ఎన్నికలు చూసింది. మూడో పార్టీ అధినేతే స్వయంగా నిలబడ్డ ఎన్నిక ఒకటి. మూడో పార్టీ తన జెండా మీద తాను కొట్లాడిన ఎన్నిక ఇంకొకటి. మూడో పార్టీ గెలిచిన జట్టులో ఉండి కూడా దాని గుర్తు ఓటింగ్ యంత్రం మీద కనబడని ఎన్నిక మరొకటి.

చిరంజీవి పార్టీ ప్రజారాజ్యం 2008 ఆగస్టు 26న తిరుపతిలో పుట్టింది. పాలకొల్లులో పోలింగు 2009 ఏప్రిల్ 23న. నడుమ ఎనిమిది నెలలు నిండలేదు. ఎన్టీఆర్‌కు తొమ్మిది నెలలే కదా పట్టింది అని అప్పట్లో అభిమానులు లెక్కలు చెప్పేవారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పెడితే 1983 జనవరికల్లా అధికారం వచ్చిన మాట నిజమే. అయితే ఎన్టీఆర్‌కు ఎదురుగా ఉన్నది ఒక్క కాంగ్రెస్సే. కాంగ్రెస్ గిట్టనివాళ్లకు అప్పటిదాకా గట్టి దిక్కు లేదు. చిరంజీవి దిగేసరికి ఆ జాగాలో తెలుగుదేశం పాతికేళ్లుగా పాతుకుపోయి ఉంది. ఎన్టీఆర్ రెండో పార్టీ పెట్టారు, చిరంజీవి మూడో పార్టీ పెట్టారు. తేడా అంతా అక్కడే ఉంది.

జనం రాలేదా అంటే, వచ్చారు. క్షీరారామలింగేశ్వరుడి గాలిగోపురం నీడన చిరంజీవి నిలబడితే రాకుండా ఎలా ఉంటారు? అల్లు రామలింగయ్యనే కాదు, దాసరి నారాయణరావునీ కోడి రామకృష్ణనీ కన్న ఊరిది. ఇక్కడివాళ్లకు సినిమా పరాయిది కాదు. యలమంచిలి, పోడూరు పల్లెల నుంచి వచ్చారు, నరసాపురం నుంచి వచ్చారు, చించినాడ వంతెన మీదుగా గోదావరి దాటి రాజోలు వైపు నుంచీ వచ్చారు. చిక్కల్లా ఇక్కడే. అలా వచ్చినవాళ్లలో పాలకొల్లు జాబితాలో పేరున్నవాళ్లెందరు? ఓటు వయసు వచ్చినవాళ్లెందరు?

ఓటు సంగతి తేలేది బడి గదిలో వేసిన బెంచీ దగ్గర. పోలింగు ఏజెంటు ముందు ఓటర్ల జాబితా, చేతిలో పెన్సిలు ఉంటాయి. పోలింగు అధికారి వరుస సంఖ్య, పేరు పైకి చదవగానే ఆ పేరు మీద గీత పడుతుంది. మధ్యాహ్నానికి గీత పడని పేర్లేవో తెలిసిన పార్టీ మనిషి ఆ గడప ముందుకు వెళ్లి ‘ఏవండీ, ఇంకా బయల్దేరలేదా’ అని పలకరిస్తాడు. చచ్చిపోయినవాళ్లెవరో, హైదరాబాదు పోయినవాళ్లెవరో, మస్కట్‌లో ఉన్నవాళ్లెవరో ఆ ఏజెంటుకు తెలియాలి. సాయంత్రం యంత్రానికి సీలు పడ్డాక 17-సి ఫారం నకలు తీసుకునేదాకా అతను కదలకూడదు. ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో పార్టీ చేతికి వచ్చే అధికారిక కాగితం అదే. ప్రతి బూత్‌లోనూ పొద్దున్నించి సాయంత్రందాకా కూర్చునే ఇలాంటి మనిషిని కాంగ్రెస్ దశాబ్దాలుగా, తెలుగుదేశం పాతికేళ్లుగా తయారుచేసుకున్నాయి. రైలింజన్ అనే ఉమ్మడి గుర్తు కోసమే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిన పార్టీకి అంత తీరిక ఎక్కడిది?

ఉషారాణి స్థానికురాలు. గెలిస్తే చిరంజీవి తిరుపతి ఉంచుకుంటారా, పాలకొల్లు ఉంచుకుంటారా అన్న సందేహం ఎదుటిపక్షానికి అస్త్రమైంది. రెండు చోట్ల నిలబడ్డవాడిని ఏ ఊరూ పూర్తిగా నమ్మదు. కాపు ఓటు ఒకవైపు పోగుపడుతుంటే మిగతా కులాలు ఇంకోవైపు సర్దుకున్నాయన్న విశ్లేషణ కూడా చాలాకాలం నడిచింది. అందులో కొంత నిజం ఉండొచ్చు. కులం లెక్క ఒక్కటే చెప్పి ఊరుకుంటే మాత్రం మనకు రాష్ట్రం లెక్క కనబడకుండా పోతుంది.

ఆ ఎన్నికల్లో ప్రజారాజ్యానికి రాష్ట్రమంతటా సుమారు 16 శాతం ఓట్లు వచ్చాయి. 294 సీట్లలో దక్కినవి 18. లోక్‌సభలో 42కు ఒక్కటీ రాలేదు. అదే ఎన్నికల్లో మజ్లిస్‌కు 1 శాతం ఓట్లు కూడా లేవు, కానీ సీట్లు 7. టీఆర్‌ఎస్‌కు 4 శాతం దరిదాపుల్లో ఓట్లు, 10 సీట్లు. మజ్లిస్ ఓటరు పాతబస్తీలో పక్కపక్క వీధుల్లో ఉంటాడు. ప్రజారాజ్యం ఓటరు శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఊరికి కొందరు చొప్పున ఉన్నాడు. మన పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే సీటు, రెండోవాడికి వచ్చినవన్నీ చెల్లని నాణేలే. ఎంతమందికి నచ్చావన్నది కాదు, నచ్చినవాళ్లు ఎక్కడ కాపురం ఉన్నారన్నదే లెక్క.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బేం కాదు. పద్ధతి బ్రిటిష్‌వాళ్లది కాబట్టి వాళ్లు ఏలిన చాలా చోట్ల ఉంది. మన పిల్లలు చదువులకనీ ఉద్యోగాలకనీ పోతున్న కెనడాలో రాష్ట్రాలను ప్రావిన్సులంటారు, అక్కడి శాసనసభలకూ ఇలాగే ఎన్నికలు. 2022 అక్టోబరులో క్యుబెక్ ఫలితాలు చూస్తే పాలకొల్లువాళ్లకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. లిబరల్ పార్టీకి 14 శాతం పైచిలుకు ఓట్లు, 21 సీట్లు. పార్టీ క్యుబెక్వాకు అంతకంటే కాస్త ఎక్కువే ఓట్లు, 3 సీట్లు. అక్కడి కన్జర్వేటివ్‌లకు దాదాపు 13 శాతం ఓట్లు, సీట్లు సున్నా. లిబరల్ ఓటర్లు మాంట్రియల్ చుట్టూ గుంపుగా ఉన్నారు, మిగతావాళ్లు చెదిరిపోయారు.

ఇంకా ముచ్చటైనది బ్రిటిష్ కొలంబియా కథ. 2017 మేలో అక్కడి గ్రీన్ పార్టీకి సుమారు 17 శాతం ఓట్లు వచ్చాయి, అంటే ఇంచుమించు మన ప్రజారాజ్యం వాటాయే. సీట్లు మాత్రం 87లో మూడంటే మూడు. 18 సీట్లు తెచ్చుకున్న చిరంజీవి అసెంబ్లీలో ప్రతిపక్ష బెంచీకే పరిమితమైతే, 3 సీట్ల గ్రీన్ నేత ఆండ్రూ వీవర్ ప్రభుత్వాన్నే మార్చేశారు. కారణం సులువు. అక్కడ లిబరల్స్‌కు 43, వాళ్ల ప్రత్యర్థి ఎన్‌డీపీకి 41 సీట్లు. మెజారిటీకి 44 కావాలి. ముగ్గురు ఎటు ఒరిగితే అటే సర్కారు. వాళ్లు మంత్రి పదవులు అడక్కుండా రాతకోతలు చేసుకుని ఎన్‌డీపీకి మద్దతిచ్చారు, పదహారేళ్ల లిబరల్ పాలన పోయింది. ఇక్కడేమో కాంగ్రెస్‌కు సొంతంగానే 156 సీట్లున్నాయి, కావాల్సినవి 148. ప్రజారాజ్యం 18 సీట్లతో రాజశేఖరరెడ్డికి పనేముంది? చిన్న పార్టీ అదృష్టం దాని సీట్లలో కంటే పెద్ద పార్టీలకు తక్కువైన సీట్లలో ఉంటుంది.

గ్రీన్స్ పట్టుబట్టి ఓట్ల దామాషాలో సీట్లిచ్చే పద్ధతి మీద 2018లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టించారు. 61 శాతం మంది పాత పద్ధతే చాలన్నారు. అదే ప్రావిన్సులో 2009 మే 12న, అంటే మన లెక్కింపుకు నాలుగు రోజుల ముందు, ఇలాంటి మార్పునే జనం ఓసారి తిప్పికొట్టారు. అన్యాయం కళ్లముందే కనబడుతున్నా ఓటర్లు ఎందుకు మార్చుకోరంటే, పెద్ద పార్టీకి వేసేవాళ్లే ఎక్కువమంది కాబట్టి. వాళ్లకు ఆ అన్యాయం తగలదు.

కెనడా చిన్న పార్టీల్లో మనవాడొకాయన కథ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇంజనీరు ప్రసాద్ పండా అల్బర్టాలో వైల్డ్‌రోజ్ అనే కొత్త పార్టీ పట్టుకున్నారు. 2015 మేలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో దశాబ్దాల పాటు ఏలిన ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్‌లకు వైల్డ్‌రోజ్ కంటే ఎక్కువ ఓట్లొచ్చి, సగం సీట్లయినా రాలేదు. ఓడిన ముఖ్యమంత్రి జిమ్ ప్రెంటిస్ ఆ రాత్రే సీటు వదిలేసుకుంటే, సెప్టెంబరులో ఆ కాల్గరీ ఫుట్‌హిల్స్ ఉప ఎన్నికలో గెలిచింది పండానే. రెండు మితవాద పార్టీలూ ఓట్లు చీల్చుకుని ఎన్‌డీపీకి గద్దె అప్పగించామని చెంపలేసుకుని 2017లో ఒక్కటైపోయాయి. 2019లో ఆ కొత్త పార్టీ గెలిచింది, పండా మౌలిక వసతుల మంత్రి అయ్యారు.

విలీనం అనగానే మనకు 2011 గుర్తుకొస్తుంది. రాజశేఖరరెడ్డి పోయారు, జగన్ బయటికొచ్చారు, కాంగ్రెస్ లెక్క తప్పింది. రెండేళ్ల ముందు అక్కరకు రాని ఆ 18 సీట్లకు అప్పుడు గిరాకీ వచ్చింది. ఫిబ్రవరిలో ప్రజారాజ్యాన్ని కాంగ్రెస్‌లో విలీనం చేస్తున్నట్టు ప్రకటించారు. డిసెంబరు అవిశ్వాస తీర్మానంలో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం గట్టెక్కడానికి ప్రజారాజ్యం నుంచి వచ్చినవాళ్లు పనికొచ్చారు. గంటా శ్రీనివాసరావు, సి.రామచంద్రయ్య మంత్రులయ్యారు, చిరంజీవి రాజ్యసభకూ ఆపైన కేంద్ర పర్యాటక శాఖకూ వెళ్లారు. నాయకులకు దారి దొరికింది. కాంగ్రెస్ వద్దనుకుని రైలింజన్‌కు ఓటేసిన మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. అల్బర్టాలో విలీనానికి ముందు రెండు పార్టీల సభ్యులూ ఓటేసి సరేనన్నారు. ఇక్కడ ఢిల్లీలో ఒక భేటీ సరిపోయింది. నా మటుకు నాకు ప్రజారాజ్యం ఓడిపోవడం కంటే ఇది పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

2014 మార్చి 14న చిరంజీవి తమ్ముడు పవన్ కల్యాణ్ పెట్టిన జనసేన అదే నేలమీద మళ్లీ మొదలైంది. 2019లో వామపక్షాలతో, బీఎస్‌పీతో కలిసి పోటీచేస్తే అధినేత భీమవరం, గాజువాక రెండు చోట్లా ఓడారు. నరసాపురం లోక్‌సభకు నిలబడ్డ నాగబాబుకు రెండున్నర లక్షల ఓట్లొచ్చినా మూడో స్థానమే.  దక్కిన ఒకే ఒక్క సీటు చించినాడ వంతెనకు అవతలున్న రాజోలు. అక్కడ గెలిచిన రాపాక వరప్రసాదరావు ఎంతోకాలం కాకముందే అధికార పక్షం వైపు జరిగిపోయారు.

ఆ దెబ్బతో పవన్ నేర్చుకున్న లెక్క 2024లో కనబడింది. తెలుగుదేశం, బీజేపీలతో పొత్తు పెట్టుకుని 175లో 21 చోట్ల మాత్రమే నిలబడ్డారు. ఇరవై ఒకటికే లొంగిపోయాడని సొంతవాళ్లే గొణిగారు. అన్నీ గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఓట్లు 7 శాతం లోపే. అన్నకు 16 శాతంతో 18 సీట్లు, అది కూడా 294లో. తమ్ముడికి అందులో సగం కంటే తక్కువ వాటాతో 21 సీట్లు, ఉప ముఖ్యమంత్రి పదవి. పిఠాపురంలో పవన్ చేతిలో 70 వేల తేడాతో ఓడిన వంగా గీత, 2009లో అదే పిఠాపురంలో రైలింజన్ గుర్తు మీద గెలిచిన మనిషి కావడం విచిత్రం.

తెలివైన లెక్కే, కాదనను. దాని ఖర్చు ఎవరి పద్దులో పడిందో చూడాలంటే మళ్లీ పాలకొల్లు బూత్‌లోకి రావాలి. చుట్టుపక్కల భీమవరం, నరసాపురం, రాజోలు, తాడేపల్లిగూడెం జనసేనకు వెళ్లాయి. పాలకొల్లు తెలుగుదేశానిది, నరసాపురం లోక్‌సభ బీజేపీది. 2024 మే 13న ఇక్కడి జనసేన అభిమాని అసెంబ్లీకి సైకిల్ మీద, పార్లమెంటుకు కమలం మీద నొక్కి ఇంటికెళ్లాడు. జనసేన గుర్తు గాజు గ్లాసు రెండు యంత్రాల మీదా లేదు. నిమ్మల రామానాయుడు వరసగా మూడోసారి, 60 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచి జలవనరుల మంత్రి అయ్యారు. ఆ ఆధిక్యంలో గ్లాసు ఓట్లెన్నో ఏ 17-సి ఫారంలోనూ ఉండదు. రేపు పొత్తు చర్చల్లో మాకిక్కడ ఇంత బలముందని చూపించడానికి జనసేన దగ్గర 2019 నాటి కాగితాలే ఉంటాయి.

జెండా మోసిన కుర్రాళ్లకు మిగిలింది మున్సిపల్ వార్డులు, ఎంపీటీసీలు. వార్డుకు బీ ఫారం దొరికితే గ్లాసు గుర్తు మళ్లీ ఊళ్లో కనబడుతుంది. 2021లో నరసాపురం మున్సిపాలిటీకి ఎన్నికలు జరిగాయి, పాలకొల్లుకు జరగలేదు. ఈసారి జరిగితే ఏ వార్డులు ఎవరికన్న బేరం కూటమి పార్టీల మధ్యే సాగుతుంది. అందులో ఎన్ని గ్లాసులు మిగులుతాయో ఇక్కడివాళ్లు చూస్తారు.