చిన్ననాటి భయం

నాన్న రోజూ తాగి వచ్చేవాడు. తలుపు చప్పుడైతే చాలు, పిల్లలు అమ్మ చాటుకు పోయేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్లకూ పిల్లలు పుట్టారు. అయినా ఎవరైనా గట్టిగా అరిస్తే గుండె దడదడలాడుతుంది. ఏం జరిగినా తప్పు తమదే అనుకుంటారు. ఇంటి గుట్టు అని ఎవరికీ చెప్పుకోరు.

ఇది పిచ్చి కాదు. తలరాతా కాదు. చిన్నప్పటి భయం లోపల మిగిలిపోయింది.

ఇలాంటివాళ్లు కలిసి మాట్లాడుకునే సంఘాలున్నాయి. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో అమెరికాలో ‘అల్-అనాన్’ సంఘం ఏర్పడింది. మన దేశంలోనూ దాని బృందాలున్నాయి. ఫీజు కట్టక్కర్లేదు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వింటారు. అక్కడి మాట బయట చెప్పకూడదు. వినగా వినగా ఒక సంగతి తెలుస్తుంది. నాన్న తాగుడుకు బిడ్డ కారణం కాదు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చదువు నేర్చుకుంటూ సారా గురించి మాట్లాడుకున్నారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా అమ్మకం ఆగింది. సారా కొట్టు మూయించింది నలుగురూ కలిసి మాట్లాడుకున్న మాటే. మనసులోని గాయానికీ ఆ మాటే మందు.

దగ్గరలో బృందం లేకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది 2022లో ప్రభుత్వం పెట్టిన ‘టెలి మానస్’ నంబరు. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు తీసుకోరు. ఇంట్లో ఇప్పుడు కూడా కొడుతుంటే 181కి ఫోన్ చేయాలి.

చెప్పుకుంటే పరువు పోదు. బరువు తగ్గుతుంది.