మీకు తెలుసా? టెర్మినల్‌ను మార్చుకోవచ్చు

డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థల్లో టెర్మినల్, అనగా ఆదేశాలను టైపు చేసి కంప్యూటరుచేత పని చేయించుకునే విండో, ఏదో ఒక్క ప్రోగ్రామే కానక్కరలేదు. ‘ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్’ అనే సింబాలిక్ లింకు, అంటే అసలు ఫైలు వైపు చూపే లంకె, దేనిని చూపితే అదే డిఫాల్టు అవుతుంది గనుక, అడ్మిన్ అధికారంతో ‘అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్’ ఆదేశాన్ని ‘కాన్ఫిగ్’ ఆప్షనుతోను ఆ లంకె పేరుతోను నడిపి, కనబడిన జాబితాలో కావలసినదాని అంకె కొడితే చాలు. కేడీఈ డెస్క్‌టాప్‌లో మాత్రం ఈ ఎంపిక సెట్టింగుల్లోనే ఉంటుంది.

తెలుగువారికి ఇది కేవలం అభిరుచి వ్యవహారం కాదు. ‘కంకిపాడు’ కంటికి నాలుగక్షరాలే అయినా యూనికోడ్‌లో 8 సంకేతాలు. టెర్మినల్ తెరను సమాన వెడల్పు గళ్లుగా విభజించి ఒక్కో గుర్తును గళ్ల లెక్కన పేర్చుతుంది కాబట్టి, కొన్నింటిలో గుణింతాలు చెదిరి ఒత్తులు పక్కకు జారతాయి. బహుభాషా లిపుల కోసమే రూపొందిన ఎమ్‌ఎల్‌టెర్మ్ వంటివి ఈ విషయంలో పరీక్షించి చూడదగినవి.