ఏడు గోల్స్ కొట్టిన ఆదివారం, ఆ తర్వాతి శనివారం

పోయిన ఎపిసోడ్‌ చివర్లో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు నేను రెండు నిమిషాల్లో ఏదో చెప్పి తప్పించుకున్నాను. "అన్నా, ఏడు–సున్నా అంటే అవతలోళ్లు ఆట రానోళ్లా? మరి అంత పెద్ద టీమ్ అని ఎందుకంటరు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మైకు ముందు టైమ్ చాలలేదు కాబట్టి ఇక్కడ నిమ్మళంగా రాస్తున్నా. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదనుకునే మనోళ్లకు కూడా అర్థమయ్యేటట్టు రాస్తా.

ముందే చెప్తున్నా, నేను లివర్‌పూల్ మనిషిని. జగిత్యాల పక్కన పుట్టినోడు ఇంగ్లండ్ టీమ్‌కు ఎట్ల అభిమాని అయిండంటే, దానికి కారణం మా క్యాంపులోని మలయాళీ అన్నలు. పద్దెనిమిదేళ్ల కింద నేను దుబాయ్ వచ్చినప్పుడు రూములో ఎనిమిది మందిమి. అందులో ఐదుగురు కేరళ. టీవీ ఒక్కటే, రిమోట్ వాళ్ల చేతిలో. చూడగా చూడగా నాకూ అంటుకుంది. ఫుట్‌బాల్ మనది కాదు అని మనోళ్లు అంటుంటే నాకు నవ్వొస్తది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం దాకా తీసుకుపోయిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాదు మనిషే. సరే, అది ఇంకో ఎపిసోడ్ ముచ్చట.

ఆ తమ్ముడు అడిగిన మ్యాచ్ 2023 మార్చి 5, ఆదివారం నాటిది. లివర్‌పూల్ సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో, మాంచెస్టర్ యునైటెడ్ మీద. మనకు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైంది. మెస్ హాల్లో కుర్చీలు చాలక నీళ్ల క్యాన్లు బోర్లించుకొని కూర్చున్నాం. మా స్టోర్ కీపర్, మలప్పురం మనిషి, యునైటెడ్ అంటే ప్రాణం. ఆయన ముందు వరసలో కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు. ఆ ధీమాకు కారణం ఉంది. సరిగ్గా వారం ముందు యునైటెడ్ లీగ్ కప్ ఫైనల్లో న్యూకాజిల్‌ను ఓడించి కప్పు ఎత్తుకుంది. మా పరిస్థితి ఏందంటే, ఫిబ్రవరి 21న ఇదే ఆన్‌ఫీల్డ్‌లో రియల్ మాడ్రిడ్ వచ్చి మాకు ఐదు గోల్స్ పెట్టి పోయింది. 2–0తో ముందుండి 2–5తో ఓడిపోయాం. నేను ఆ రాత్రి ఒక మూలకు కూర్చున్నా, గెలుస్తామని ఒక్కరికీ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఏడు–సున్నా అన్న అంకె చూసినోళ్లు మ్యాచ్ మొత్తం ఒకే తీరున సాగిందనుకుంటారు. సాగలేదు. మొదటి 40 నిమిషాలు యునైటెడ్ మాతో సమానంగానే ఆడింది. బ్రూనో ఫెర్నాండెస్ తలతో కొట్టిన బంతి పక్కనుంచి పోయింది. కాసెమీరో తలతో గోల్‌లోకి వేసేశాడు కూడా, ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. మా స్టోర్ కీపర్ లేచి గంతేసి మళ్లీ కూర్చున్నాడు. 43వ నిమిషంలో ఎడమవైపు నుంచి రాబర్ట్‌సన్ ఇద్దరి నడుమ సందులోంచి బంతి పంపితే, గాక్పో లోపలికి తిరిగి అవతలి మూలకు కొట్టాడు. హాఫ్ టైమ్‌కు 1–0. అంతే. అక్కడ మ్యాచ్ ఆగిపోయి ఉంటే "హోరాహోరీ పోరు" అని రాసేవాళ్లు.

ఆరు గోల్స్ రెండో సగంలో పడ్డాయి. 47, 50, 66, 75, 83, 88. ఈ నిమిషాలు నాకు ఇంటి ఫోన్ నంబర్ లెక్క నోటికొచ్చు.

ఎందుకట్ల కూలింది? మన పని భాషలో చెప్తా. స్లాబ్ కింద జాకీలు పెడతాం కదా. ప్రతి జాకీ తన వంతు బరువు మోస్తది. ఒక్కటి జారితే అది మోసే బరువు మాయం కాదు, పక్క జాకీ మీద పడతది. ఆ పక్కది తన బరువుతో పాటు దీని బరువూ మోయాలి. అది వంగితే దాని పక్కది. పైనుంచి చూసినోడికి స్లాబ్ మొత్తం నాసిరకం అనిపిస్తది. జారింది మాత్రం ముందు ఒక్కటే.

ఫుట్‌బాల్‌లో కూడా పది మంది మూడు వరసల్లో నిలబడతారు. వెనక కాపలా వరస, నడిమి వరస, ముందు కొట్టే వరస. ఈ వరసల నడుమ దూరం తక్కువగా ఉంటేనే అవతలోడికి బంతి ఆడే జాగా దొరకదు. ఒక గోల్ వెనకబడితే ఓపిక పట్టొచ్చు. హాఫ్ టైమ్ అయిన రెండు నిమిషాలకే హార్వీ ఎలియట్ వేసిన బంతిని నూన్యెజ్ తలతో కొట్టి రెండో గోల్ చేశాడు. అప్పుడు యునైటెడ్ ఆటగాళ్లు ఒక్కొక్కడు తన లెక్కన తాను ముందుకు ఉరికారు. ఎవరికి వారు రక్షించాలని చూశారు. ముందు వరస పోయింది, వెనక వరస వెనకే ఉండిపోయింది, నడుమ మైదానం ఖాళీ. 50వ నిమిషంలో ఆ ఖాళీలోనే సలాకు కుడివైపున బంతి దొరికింది. లిసాండ్రో మార్టినెజ్ ఒక్కడే అడ్డు. సలా అటు ఇటు తిప్పేసరికి అతను కింద పడ్డాడు. మామూలుగా అయితే అతని వెనక ఇంకొకడు ఉండాలి. ఆ రోజు లేడు. బంతి గాక్పోకు పోయింది, అతను గోల్ కీపర్ డి హేయా మీదుగా లేపి వేశాడు. మూడు.

మూడో గోల్ తర్వాత వాళ్లకు కాళ్లు కాదు, మనసు పోయింది. ఉరికి వెనక్కి రావాల్సినోళ్లు నడిచి వస్తున్నారు. బ్రూనో చేతులు ఎగరేస్తూ ఎవరిమీదో కోప్పడుతున్నాడు. మ్యాచ్ అయ్యాక వాళ్ల కోచ్ టెన్ హాగ్ కూడా తన వాళ్ల ఆట వృత్తి ధర్మం లేనట్టు ఉందని ఒప్పుకున్నాడు. నాలుగో గోల్ సలా బార్‌కు తగిలేంత బలంగా కొట్టాడు. ఐదోది హెండర్సన్ వేస్తే నూన్యెజ్ తల. ఆరోది మళ్లీ సలా. దానితో ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్ తరఫున అతనివి 129 గోల్స్, రాబీ ఫౌలర్ 128 దాటిపోయాడు. ఏడోది ఫిర్మినో. ఈ సీజన్ తర్వాత క్లబ్ వదిలి వెళ్తున్నాడని ఆ వారమే తెలిసింది. ఆ గోల్‌కు మాత్రం నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, దాచేది ఏముంది.

యునైటెడ్ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఓటమి లేదు. అంతకు ముందు 7–0తో ఓడింది 1931 డిసెంబర్‌లో, వుల్వ్స్ చేతిలో. మాకు కూడా వాళ్ల మీద ఇదే అతిపెద్ద గెలుపు. మెస్ హాల్లో కేరళ తమ్ముళ్లు ప్లేట్లు వాయించారు. నేను స్టోర్ కీపర్ దగ్గరికి పోయి, "అన్నా, రేపు నాకు ఏడు బస్తాల సిమెంట్ ఇష్యూ చెయ్యి" అన్నా. ఆయన మాట్లాడకుండా చెప్పులేసుకొని పోయాడు. వారం రోజులు ఏడు అనే అంకె లేకుండా ఆయనతో నేను మాట్లాడలేదు. ఏడు గ్లౌజులు, ఏడు డిస్కులు, ఏడు మేకులు.

తర్వాతి శనివారం, మార్చి 11. మాకు డ్యూటీ ఉంది. లివర్‌పూల్ మ్యాచ్ బోర్న్‌మత్ ఊళ్లో, మన టైమ్ సాయంత్రం నాలుగున్నర. ఈ బోర్న్‌మత్ ఎవరంటే, ఆ సీజన్ మొదట్లో, 2022 ఆగస్టు 27న, ఇదే లివర్‌పూల్ చేతిలో ఆన్‌ఫీల్డ్‌లో 9–0తో ఓడిన టీమ్. అవును, తొమ్మిది. ఆ దెబ్బకు మూడు రోజుల్లో వాళ్ల కోచ్ ఉద్యోగం పోయింది. తొమ్మిది కొట్టినోళ్లం, ఏడు కొట్టి వస్తున్నోళ్లం. ఎన్ని కొడతారో అని మా స్టీల్ గ్యాంగ్‌లో అందరూ తలా ఒక అంకె చెప్పారు. నాలుగుకు తక్కువ ఎవరూ చెప్పలేదు.

1–0తో ఓడిపోయాం. 28వ నిమిషంలో బిల్లింగ్ గోల్. మాకు పెనాల్టీ వస్తే సలా బయటికి కొట్టాడు. ఆదివారం చరిత్ర రాసిన అదే కాలు. ఫోన్ చూసి జేబులో పెట్టుకునే సరికి స్టోర్ కిటికీలోంచి పిలుపొచ్చింది. "సూపర్‌వైజర్ సాబ్, ఒక్క బస్తా చాలా?"

ఇక్కడ లెక్క చూడండి. ఏడు గోల్స్ కొట్టిన రోజు మాకు వచ్చింది 3 పాయింట్లు. ఒక్క గోల్ కొట్టిన బోర్న్‌మత్‌కూ అవే 3 పాయింట్లు. మిగిలిన ఆరు గోల్స్ గోల్ తేడా లెక్కలోకి పోతాయి, పాయింట్లు సమానమైనప్పుడు అక్కరకొస్తాయి, అంతే. సీజన్ మే నెలాఖరుకు ముగిసేసరికి యునైటెడ్ 75 పాయింట్లతో మూడో స్థానం. మేం 67తో ఐదో స్థానం. మొదటి నలుగురికే ఛాంపియన్స్ లీగ్. ఏడు తిన్నోళ్లు వెళ్లారు, ఏడు పెట్టినోళ్లం ఇంట్లో కూర్చున్నాం. కాబట్టి తమ్ముడూ, ఆ స్కోరు యునైటెడ్ ఎంత చెడ్డ టీమో చెప్పలేదు. ఆ రోజు రెండో సగంలో నలభై ఐదు నిమిషాలు ఏమైందో చెప్పింది. 38 మ్యాచుల పట్టిక చెప్పేది వేరు.

అభిమానిగా నాకు ఇది మింగుడు పడలేదు. అయినా నేను దీన్ని ఇంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది, అది ఆటది కాదు. ఎపిసోడ్‌లో చెప్పలేకపోయాను.

అంతకు ముందు సంవత్సరం ఒక సైటులో బ్లాక్ పని నా కింద నడిచేది. మామూలుగా ఒక మేస్త్రీ, ఒక హెల్పర్ కలిసి రోజుకు 120 బ్లాకుల దాకా పెడతారు. ఒక రోజు అన్నీ కలిసొచ్చాయి. బ్లాకులు రాత్రే ఫ్లోర్ మీదికి ఎక్కించి ఉన్నాయి, స్కాఫోల్డింగ్ కట్టి ఉంది, గోడలు కిటికీలు లేని పొడవాటి గోడలు, జనవరి చలి. 200 దాటారు. నేను సంబరపడి డైలీ రిపోర్టులో ఆ అంకె రాసి పంపాను. బ్లాకులు ముందే పైకి ఎక్కి ఉన్నాయని రాయలేదు. పొడవు గోడలని రాయలేదు. అంకె మాత్రమే రాశాను.

వారం తర్వాత పైనుంచి మాట వచ్చింది. వీళ్లు 200 పెట్టగలరు కదా, ఇకనుంచి అదే టార్గెట్. కిటికీలు, మూలలు ఉన్న గోడలకు కూడా అదే. గ్యాంగ్ తినే టైమ్ తగ్గించుకుంది. మూడో వారంలో ఒక పిల్లగాడు, ఊళ్లో చెల్లె పెళ్లి అప్పు తీర్చడానికి వచ్చినోడు, స్కాఫోల్డింగ్ ప్లాంక్ సరిగ్గా కట్టకముందే ఎక్కి జారాడు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. నాలుగు నెలలు పని చెయ్యలేదు. హాస్పిటల్‌లో వాడు నన్ను అడిగింది ఒక్కటే, "అన్నా, ఈ రోజు 200 అయినయా?"

ఆ అంకె పంపింది నేనే. బోర్న్‌మత్ దగ్గర ఓడిపోయిన సాయంత్రం నాకు ఆ పిల్లగాడే గుర్తొచ్చాడు. మా స్టీల్ గ్యాంగ్ నాలుగుకు తగ్గకుండా అంకెలు చెప్పింది కదా, ఆఫీసులో కూర్చున్నోళ్లు చేసింది కూడా అదే పని. ఇప్పుడు నా రిపోర్టులో అంకె పక్కన రిమార్క్స్ గడి ఖాళీగా ఉండదు. మెటీరియల్ ఎక్కడుంది, ఎంత మంది, ఏ గోడ, ఎండ ఎంత, అన్నీ రాస్తా. ఇంజనీర్ విసుక్కుంటాడు. విసుక్కోనీ.

మళ్లీ ఆటకొస్తే, అదే సంవత్సరం డిసెంబర్ 17, ఆదివారం. అదే ఆన్‌ఫీల్డ్, అదే యునైటెడ్, అదే ఎనిమిదిన్నర. ఈసారి పక్క క్యాంపు నుంచి కూడా జనం వచ్చారు, ఏడు గోల్స్ మళ్లీ చూద్దామని. సిరిసిల్ల నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు అప్పటి వీడియో ఫోన్లో చూసి చూసి ఉన్నాడు. మా వాళ్లు 34 సార్లు గోల్ వైపు కొట్టారు. యునైటెడ్ వాళ్లు ఈసారి వరస చెడగొట్టలేదు, వెనకే గుంపుగా నిలబడి ఒక్కొక్కటి ఆపుకుంటూ పోయారు. చివర్లో వాళ్లలో ఒకడికి రెడ్ కార్డ్ పడ్డా కదల్లేదు. 0–0.

"అన్నా, ఏడు ఏవి?" అన్నాడు సిరిసిల్ల తమ్ముడు.

స్టోర్ కీపర్ లేచి కఫ్టీరియాకు ఫోన్ చేశాడు. ఏడు కరక్ చాయ్‌లు ఆర్డర్ ఇచ్చి, డబ్బులు నన్ను ఇవ్వమన్నాడు.